కదిలే రాకెట్ వేదికలకు భద్రతా అనుమతి ఎలా?

పుదుచ్చేరి నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదుగా ఉత్తరానికి సుమారు వంద కిలోమీటర్లు వెళితే తిరువిడందై తీరం వస్తుంది. చెన్నైకి చెందిన స్పేస్ జోన్ ఇండియా సంస్థ 2024 ఆగస్టు 24న 'రూమీ-1' అనే చిన్న హైబ్రిడ్ రాకెట్‌ను అక్కడి నుంచే ప్రయోగించింది. దాని ప్రయోగ వేదిక ఒక చోటి నుంచి మరో చోటికి తరలించగలిగేది. అగ్నికుల్ కాస్మోస్ కూడా తన 'అగ్నిబాణ్' రాకెట్ కోసం 'ధనుష్' అనే కదిలే వేదికను రూపొందించింది. మరి ఇలాంటి వేదికను పుదుచ్చేరి తీరానికి తెచ్చి రాకెట్ ప్రయోగించవచ్చా? వేదికను తేవడం తేలికే. భద్రతా అనుమతి మాత్రం దానితో పాటు రాదు.

కారణం స్పష్టం. రాకెట్ ఒకటే అయినా, దాని దారి కింద ఉండే ఊళ్లు, వేట పడవలు, ఓడల మార్గాలు, వీచే గాలులు చోటును బట్టి మారిపోతాయి. అందుకే శకలాలు ఎక్కడ పడవచ్చో ప్రతి చోటా కొత్తగా లెక్కగట్టాలి. శ్రీహరికోటకు తూర్పున విశాలమైన సముద్రం ఉంది. అయినా ధ్రువకక్ష్యకు వెళ్లే పీఎస్‌ఎల్‌వీ శ్రీలంక మీదుగా పోకుండా వంపు తిరగాలి. ఇందుకు అదనపు ఇంధనం ఖర్చవుతుంది. పుదుచ్చేరి శ్రీలంకకు ఇంకా దగ్గర. పైగా పట్టణం సముద్రాన్ని ఆనుకునే ఉంది, ఇరువైపులా మత్స్యకారుల పల్లెలున్నాయి.

రాకెట్ అదుపు తప్పితే ఆఖరి రక్షణ 'ఫ్లైట్ టెర్మినేషన్ సిస్టమ్'. రాడార్ల సమాచారంతో, ఆ క్షణంలో ఇంజన్ ఆగితే రాకెట్ ఎక్కడ పడుతుందో కంప్యూటర్లు నిరంతరం అంచనా వేస్తుంటాయి. ఆ బిందువు నిర్ణీత హద్దు దాటబోతే భద్రతాధికారి రేడియో ద్వారా విధ్వంస ఆదేశం పంపుతారు. 2010 డిసెంబరు 25న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్06 అదుపు తప్పినప్పుడు 64వ సెకనులో ఈ ఆదేశమే ఇచ్చారు. శకలాలు బంగాళాఖాతంలో పడ్డాయి.

ప్రైవేటు ప్రయోగాలకు అనుమతినిచ్చేది ఇన్-స్పేస్. ఇందుకు సంబంధించిన విధివిధానాలు 2024 మేలో వెలువడ్డాయి. అగ్నికుల్‌కు ఇస్రో తన టెర్మినేషన్ వ్యవస్థను 2022 నవంబరులో అందించింది. ఓ ప్రైవేటు రాకెట్‌కు ఇస్రో దాన్ని ఇవ్వడం అదే మొదలు. పలుమార్లు వాయిదా పడ్డాక 2024 మే 30న ఆ సంస్థ తొలి రాకెట్ ఎగిరింది. అదీ శ్రీహరికోటలోని సొంత వేదిక నుంచే. అక్కడ ఇస్రో రాడార్లు, ఆదేశ కేంద్రాలు సిద్ధంగా ఉన్నాయి.

కొత్త తీరానికి వెళ్లే వేదిక ఈ ఏర్పాట్లన్నిటినీ వెంట తెచ్చుకోవాలి, లేదా అక్కడ సమకూర్చుకోవాలి. ఓడలకు, విమానాలకు ముందే హెచ్చరికలు అందాలి. తెల్లవారుజామున వేటకు బయలుదేరే పడవకూ ఆ కబురు చేరాలి. అనుమతి పత్రం వెనక ఉన్న అసలు ప్రశ్న, ఆ పడవ క్షేమంగా ఒడ్డుకు చేరుతుందా అన్నదే.