మంచుహాకీలో రక్షకుని జాతకము

పువ్వు పుట్టగనే పరిమళించునను సామెత మంచుహాకీలో రక్షకుని యెడ అంతగా చెల్లదు. ముందువరుస ఆటగాని నేర్పును అతడు వేసిన గోలులే చాటును. రక్షకుని నేర్పు పడకుండ నిలిచిన గోలులలో దాగియుండును. జరుగనిదానిని పద్దున వ్రాయుట యెట్లు?

ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగు జట్లు ఏటేట పదునెనిమిదేండ్ల ప్రాయపు యువకులను వరుసగా ఎన్నుకొనును. 2012లో కెనడా రక్షకుడు గ్రిఫిన్ రైన్‌హార్ట్ నాల్గవవాడుగా ఎన్నికయ్యెను. పొడగరి, 2014లో అతని జూనియర్ జట్టు మెమోరియల్ కప్పు గెలిచెను. అయినను లీగులో అతడాడినవి 37 ఆటలు మాత్రమే. 1989లో స్వీడను యువకుడు నిక్లస్ లిడ్‌స్ట్రోమ్ 53వవాడు. డెట్రాయిట్ జట్టువారు తొందరపడక 1991 వరకు అతనిని స్వదేశముననే ఆడనిచ్చిరి. ఉత్తమ రక్షకునికిచ్చు నోరిస్ బహుమతిని అతడు ఏడుమార్లు గెలిచెను.

ఈ తారుమారుకు కారణము లేకపోలేదు. జూనియర్ ఆటలో ఒడ్డూపొడుగూ ఉన్న చాలవరకు నెగ్గుకు రావచ్చును. పెద్దల ఆటలో వెనుకకు జారుచునే ఎదుటివాని దారి మూయవలెను. రబ్బరు బిళ్ళ అందిన క్షణముననే దానిని ఎవరికి పంపవలెనో తోచవలెను. ఈ రెండును వయసుతో, ఓటములతో అలవడునవి. కావున యువరక్షకుని పరీక్షింప వచ్చినవారు కొలబద్దను పక్కనబెట్టి, తప్పు చేసిన పిదప అతడేమి చేయునో చూడవలెను. ఆపై వానికి కాలమీయవలెను.