పాత టాహో, సొంత పానా: ఏది మన పని, ఏది మెకానిక్ పని?

అమెరికా రోడ్ల మీద తిరిగే కార్లు, లైట్ ట్రక్కుల సగటు వయసు 2024లో 12.6 ఏళ్లకు చేరిందని ఎస్ అండ్ పీ గ్లోబల్ మొబిలిటీ లెక్క చెబుతోంది. 2007 నుంచి 2014 దాకా వచ్చిన షెవర్లే టాహోలు, సబర్బన్‌లు ఇప్పుడు దాదాపు ఆ వయసులోనో, అది దాటో ఉన్నాయి. వాటిలో చాలా బళ్లు డాలస్, ఫోర్ట్‌వర్త్‌ల మధ్య ఆర్లింగ్టన్‌లో ఉన్న జీఎం ఫ్యాక్టరీలోనే తయారయ్యాయి కాబట్టి ఇర్వింగ్, ఫ్రిస్కో తెలుగువాళ్లకు ఇది పక్కూరి బండి. పిల్లలూ అమ్మానాన్నలూ అంతా ఒకే బండిలో వెళ్లొచ్చని సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కున్న కుటుంబాలకు లక్ష మైళ్లు దాటాక ఒకటే ప్రశ్న: ప్రతిదానికీ షాపుకు తీసుకెళ్లాలా, కొంతైనా మనమే చేసుకోవచ్చా? జవాబు ధైర్యాన్ని బట్టి చెప్పేది కాదు. కొన్ని అంకెలు చూస్తే అదే తేలుతుంది.

బిల్లులో ఎక్కువ భాగం చేతిపనే

షాపు బిల్లులో విడిభాగాలు ఒక పద్దు, లేబర్ మరో పద్దు. లేబర్‌ను చాలా షాపులు గడియారం చూసి వెయ్యవు. ఏ పనికి ఎంతసేపో పుస్తకంలో ఒక ప్రామాణిక సమయం ఉంటుంది, దాన్ని గంట రేటుతో హెచ్చిస్తాయి. చెయ్యి తిరిగిన మెకానిక్ ముప్పావు గంటలో ముగించినా పుస్తకం గంటన్నర అంటే మనం కట్టేది గంటన్నరకే.

గంటకు 150 డాలర్లు అనుకుందాం. స్పార్క్ ప్లగ్గులు మార్చడానికి గంటన్నర అయితే లేబరే 225 డాలర్లు. ఎనిమిది ప్లగ్గులు, ఒక్కోటి 8 డాలర్ల చొప్పున, 64. అంటే ఆ బిల్లులో దాదాపు 78 శాతం చేతిపనికే పోతుంది. ముందు బ్రేక్ ప్యాడ్లకు గంటంబావు పట్టిందనుకున్నా మరో 187 డాలర్లు. ఈ రెండు పనుల్లో మిగిలే 400 పైచిలుకు డాలర్లతో మంచి జాక్, జాక్ స్టాండ్లు, టార్క్ రెంచ్, సాకెట్ల సెట్టు, కోడ్ రీడర్ కొనుక్కోవచ్చు. అరుదుగా వాడే పనిముట్లయితే పెద్ద విడిభాగాల దుకాణాలు డిపాజిట్ మీద అరువిచ్చి, తిరిగి ఇచ్చాక డబ్బు వాపసు చేస్తాయి.

ఆరు క్వార్టుల నూనె: అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క

ఈ బండి 5.3 లీటర్ వీ8 ఇంజిన్‌లో ఆరు క్వార్టుల నూనె పడుతుంది, అంటే దాదాపు 5.7 లీటర్లు. హైవే మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు ఇంధనం ఆదా కోసం 1, 4, 6, 7 సిలిండర్లు పని ఆపేస్తాయి. వాటిని ఆపేది నూనె ఒత్తిడే, అది తగ్గగానే మళ్లీ కలుస్తాయి. ఇంజిన్‌లో వాల్వులను కదిలించే 16 లిఫ్టర్లలో 8 ఇందుకోసమే ప్రత్యేకంగా చేసినవి. వాటిలోపల సన్నని లాక్ పిన్నులుంటాయి. నూనె తగ్గినా మురికైనా ఆ పిన్నులు పట్టేస్తాయి, లిఫ్టర్ కూలిపోతుంది, ఒక్కోసారి క్యామ్‌షాఫ్ట్‌ను కూడా గీసేస్తుంది.

ఈ ఇంజిన్లలో కొన్ని నూనెను తాగుతాయి కూడా. 2011-14 మోడళ్లలో వచ్చిన ఒక రకం 5.3 ఇంజిన్ నూనె వాడకం మీద వేసిన దావాలో 2022 అక్టోబరులో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు జ్యూరీ, మూడు రాష్ట్రాల్లోని సుమారు 38 వేలమంది యజమానులకు మొత్తం 10.26 కోట్ల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది.

రెండు వేల మైళ్లకు ఒక క్వార్టు దాకా తగ్గడం మామూలేనని కంపెనీ సర్వీస్ బులెటిన్ అంటుంది. ఆ లెక్కన 7,500 మైళ్లకు నూనె మార్చే మనిషి మధ్యలో ఒక్కసారి కూడా చూసుకోకపోతే, ఆరు క్వార్టుల్లో 3.75 అప్పటికే ఖాళీ. డ్యాష్‌బోర్డు మాత్రం ‘ఆయిల్ లైఫ్ 30 శాతం’ అనే చూపిస్తుంటుంది. ఆ శాతం ఇంజిన్ తిరిగిన తీరు, వేడి ఆధారంగా నూనె ఎంత పాతబడిందో కట్టే అంచనా. లోపల ఎంత నూనె మిగిలిందో దానికి తెలియదు. అది చెప్పేది డిప్‌స్టిక్ ఒక్కటే.

అందుకే మొదట అలవాటు చేసుకోవాల్సిన పని ఇదే. బండిని సమతలం మీద ఆపి, ఇంజిన్ ఆపిన కొన్ని నిమిషాలకు డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూడాలి. వెయ్యి మైళ్లకు ఒకసారి చాలు. పై గీతకూ కింది గీతకూ మధ్య తేడా సుమారు ఒక క్వార్టు. ఇక్కడ అశ్రద్ధ చేస్తే గోటితో పోయేది గొడ్డలి దాకా వస్తుంది.

కోడ్‌లోని చివరి అంకె

1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ ఓబీడీ-2 పోర్టు ఉంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే 16 పిన్నుల ఆ పోర్టుకు రీడర్ తగిలించి కోడ్ చూడొచ్చు. పి0301 నుంచి పి0308 దాకా ఏ కోడ్ వచ్చినా మిస్‌ఫైర్ అని అర్థం, చివరి అంకె సిలిండర్ నంబరు.

పి0304 వచ్చిందనుకోండి. భయపడకుండా ఒక పరీక్ష చెయ్యండి. నాలుగో సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్‌ను రెండోదానికి, రెండోదాన్ని నాలుగోదానికి మార్చి, కోడ్ చెరిపేసి బండి నడపండి. ఈసారి పి0302 వస్తే తప్పు కాయిల్‌ది. కొత్తది బిగిస్తే పని అయిపోయినట్టే. కోడ్ నాలుగులోనే ఉండిపోతే ప్లగ్గు, దాని వైరు చూడాలి. అవీ బాగుండి 1, 4, 6, 7ల్లో ఒకటి అదేపనిగా మిస్ అవుతూ టిక్ టిక్ శబ్దం కూడా వస్తుంటే లిఫ్టర్‌ను అనుమానించాలి.

ప్రతి టిక్ శబ్దమూ లిఫ్టర్‌ది కాదు. ఈ ఇంజిన్లలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వెనక చివరి బోల్టు తల తెగిపోవడం చాలా మామూలు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే శబ్దం వచ్చి, వేడెక్కాక తగ్గిపోతే చాలామటుకు అదే. లోహం వేడికి వ్యాకోచించి సందు మూసుకుంటుంది. ఈ తేడా తెలియకపోతే వందల్లో పోయే పనికి వేలల్లో ఎస్టిమేట్ చేతికొస్తుంది.

బిగింపుకూ కొలత ఉంది

స్పార్క్ ప్లగ్గు: 11 పౌండ్-ఫీట్. ఆయిల్ డ్రెయిన్ ప్లగ్గు: 18. వాటర్ పంప్ బోల్టులు: మొదటి విడత 11, రెండో విడత 22. చక్రం నట్లు: 140.

ప్లగ్గుకూ చక్రానికీ మధ్య దాదాపు పదమూడు రెట్ల తేడా. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు. ఈ ఇంజిన్ హెడ్లు అల్యూమినియంవి, ప్లగ్గు స్టీలు. అందుకని ఇంజిన్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టాలి. వైరు బూటును అర చుట్టు తిప్పి, పట్టు వదిలాక లాగాలి. కొత్త ప్లగ్గును రబ్బరు గొట్టం ముక్కకు తగిలించి వేళ్లతో తిప్పాలి. మర వంకరగా ఎక్కితే గొట్టం వేళ్లలోనే జారిపోతుంది, హెడ్‌లోని మర పాడవదు. రెంచ్ పట్టేది చివర్లోనే.

చక్రానికి ఆరు నట్లు. ఒకదాని తర్వాత పక్కది కాకుండా ఎదురెదురుగా బిగించి, 50 నుంచి 100 మైళ్లు నడిపాక మళ్లీ 140 ఉందో లేదో చూడాలి.

రెండున్నర టన్నుల కింద మనిషి

టాహో బరువు సుమారు 2,500 కిలోలు. జాక్ బండిని ఎత్తడానికే, మోయడానికి కాదు. జాక్ మీద మాత్రమే నిలిచిన బండి కింద తల కాదు, చెయ్యి కూడా పెట్టకూడదు. గట్టి సమతలం, వెనక చక్రాలకు చెక్కలు, రెండు జాక్ స్టాండ్లు తప్పనిసరి. స్టాండ్ మీద రాసిన సామర్థ్యం ఒక్కదానిదో, జతదో లేబుల్ చదవాలి. 2020లో అమెరికాలో అమ్ముడైన దాదాపు 17 లక్షల స్టాండ్లు రీకాల్ అయ్యాయి. కొన్నిటిలో లోపలి కొక్కెం పళ్లకు పూర్తిగా పట్టక, బరువు కదిలితే స్టాండ్ ఒక్కసారిగా కూలిపోయే ప్రమాదం ఉంది. స్టాండ్ పెట్టాక కొక్కెం పంటిలో కూర్చున్నదీ లేనిదీ కళ్లతో చూసి, బండిని చేత్తో గట్టిగా ఊపాకే కిందికి వెళ్లండి. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు పార్కింగ్‌లో రిపేర్లకు అనుమతి ఉందో లేదో లీజు చూసుకోవాలి.

తీసిన నూనెను మూత ఉన్న డబ్బాలో పోసి విడిభాగాల దుకాణానికి ఇవ్వండి. చాలా చోట్ల ఉచితంగా తీసుకుంటారు. ఒక్క ఆయిల్ చేంజ్‌లో వచ్చే పాత నూనె పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లను పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ హెచ్చరిక.

మనం ముట్టుకోకూడనివి

మొదటిది ఎయిర్‌బ్యాగ్. తకాటా ఇన్‌ఫ్లేటర్లున్న 2007-14 జీఎం ట్రక్కులు, ఎస్‌యూవీలు దాదాపు 59 లక్షలను రీకాల్ చేయాలని 2020 నవంబరులో అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ తేల్చింది. బండి 17 అక్షరాల విన్ నంబరును ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. రీకాల్ మిగిలి ఉంటే డీలరు ఉచితంగా చేయాలి.

రెండోది లిఫ్టర్లు. వాటిని తీయాలంటే సిలిండర్ హెడ్లే విప్పాలి. పెద్ద హెడ్ బోల్టులు మళ్లీ వాడకూడదు. కొత్తవాటిని 22 పౌండ్-ఫీట్ బిగించి, ఆపైన 90 డిగ్రీలు, మళ్లీ 70 డిగ్రీలు తిప్పాలి. అనుభవం లేనివాళ్లు సొంత బండి మీద నేర్చుకోవాల్సిన పని కాదిది. మూడోది ఏసీ గ్యాస్. దాన్ని గాలిలోకి వదలడం చట్టవిరుద్ధం, దానికి యంత్రం ఉన్న షాపే సరి.

ఎప్పుడు అమ్మేయాలి? కొత్త బండి వాయిదా నెలకు 700 డాలర్లనుకుంటే ఏడాదికి 8,400. పాత బండి మీద ఏడాది మొత్తం పెట్టే రిపేరు ఖర్చు అందులో సగం దాటనంతవరకు, ఫ్రేము తుప్పు పట్టనంతవరకు ఉంచుకోవడమే లాభం. నూనె, ఫిల్టర్లు, ప్లగ్గులు, కాయిళ్లు, ప్యాడ్లు మనం చూసుకుంటే ఆ సగం దాటడం చాలా అరుదు. ఆ పైన పడే పెద్ద పని ఏదైనా మంచి మెకానిక్‌కే ఇవ్వండి. కోడ్ ఏమిటో, ఏ పరీక్ష చేశారో, శబ్దం ఎప్పుడు వస్తుందో చెప్పి ఇవ్వండి. లోపం ఏమిటో సగం తేలిన బండి షాపుకు వెళ్తే మెకానిక్‌కు వెతుకులాట తగ్గుతుంది, మనకు బిల్లు తగ్గుతుంది.