వృద్ధ తల్లిదండ్రుల పోషణ (జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతం)

వయసు మళ్ళిన తల్లిదండ్రులకు తిండి, బట్ట, నివాసం, వైద్యం సమకూర్చడాన్ని చట్టపరిభాషలో పోషణ అంటారు. భారతదేశంలో ఇది సంతానానికి నైతిక ధర్మమే కాక చట్టబద్ధమైన బాధ్యత కూడా. వలసలు ఎక్కువగా ఉన్న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ఈ అంశానికి ప్రత్యేక ప్రాధాన్యత ఉంది.

నేపథ్యం

జగిత్యాల, కోరుట్ల పట్టణాలు జగిత్యాల జిల్లాలోను, సిరిసిల్ల పట్టణం రాజన్న సిరిసిల్ల జిల్లాలోను ఉన్నాయి. ఈ రెండు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. అంతకు ముందు ఈ పట్టణాలు కరీంనగర్ జిల్లాలో ఉండేవి. జగిత్యాల, కోరుట్ల పరిసర గ్రామాల నుండి అనేకమంది దుబాయి, మస్కట్, సౌదీ అరేబియాలకు కూలి పనులకై వెళ్తుంటారు. సిరిసిల్ల మరమగ్గాలకు ప్రసిద్ధి. ఇక్కడి నేత కార్మికులు భివండీ, షోలాపూర్, సూరత్‌లకు వలస వెళ్ళడం చాలాకాలంగా ఉంది. స్త్రీలలో అనేకులకు బీడీలు చుట్టడమే జీవనాధారం. కొడుకులు దూరదేశంలో, కూతుళ్ళు అత్తవారింట ఉండగా, వృద్ధులు ఇంట్లో ఒంటరిగా మిగిలిపోయే సందర్భాలు ఎక్కువ.

2007 చట్టం

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టాన్ని పార్లమెంటు 2007లో చేసింది. 60 ఏళ్ళు నిండినవారు వయోవృద్ధులు. అయితే తల్లిదండ్రులకు ఈ వయోపరిమితి లేదు. కొడుకులు, కూతుళ్ళు, మేజర్లైన మనుమలు, మనుమరాండ్రు బాధ్యులు. సంతానం లేనివారి విషయంలో వారి ఆస్తిని పొందిన, లేదా పొందబోయే వారసులు బాధ్యులు.

రెవెన్యూ డివిజనల్ అధికారి (ఆర్డీవో) అధ్యక్షతన గల ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయాలి. స్వయంగా రాలేనివారి తరపున వేరొక వ్యక్తి గానీ, సంస్థ గానీ దరఖాస్తు చేయవచ్చు. ట్రిబ్యునల్ ముందుగా రాజీకి ప్రయత్నించవచ్చు. నోటీసు అందిన 90 రోజులలో విచారణ ముగించాలి. ప్రత్యేక కారణాలుంటే మరో 30 రోజుల గడువు ఉంటుంది. నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల భృతి ఇప్పించవచ్చు. ఆదేశాన్ని పాటించనివారికి నెల రోజుల వరకు జైలు విధించవచ్చు. వృద్ధులను వదిలించుకొనే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెడితే 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఒక్క కొడుకుపైనే దరఖాస్తు చేసినపుడు, అతడు మిగిలిన తోబుట్టువులను కూడా కేసులో చేర్చమని కోరవచ్చు. విదేశంలో ఉన్న సంతానానికి కేంద్రప్రభుత్వం నిర్దేశించిన అధికారి ద్వారా సమన్లు పంపే వీలు చట్టంలో ఉంది. కనుక గల్ఫ్‌లో ఉండడం బాధ్యత నుండి మినహాయింపు కాదు.

ఆస్తి బదిలీ

ఎక్కువ వివాదాలకు మూలం ఇదే. బ్రతికుండగానే భూమిని, ఇంటిని దానపత్రం ద్వారా పిల్లల పేరిట రాసిన తర్వాత దానిని తమంతట తాము రద్దు చేసుకోవడం సాధారణంగా కుదరదు. 2007 చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, తమను పోషించాలనే షరతుతో ఇచ్చిన ఆస్తి విషయంలో ఆ షరతు తప్పితే, బదిలీ చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. షరతు ఉన్నట్లు నిరూపించడం అవసరమని సుప్రీంకోర్టు 2022లో తెలిపింది. వృద్ధుల రక్షణకై ఈ సెక్షన్‌ను ఉదారంగా అన్వయించాలని 2025 జనవరిలో మరొక తీర్పులో పేర్కొంది. అందువలన పోషణ షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించుకోవడం క్షేమం. వీలునామా అయితే రాసినవారు జీవించి ఉన్నంతకాలం మార్చుకోవచ్చు.

పింఛన్లు, సహాయం

తెలంగాణ ప్రభుత్వం 2014 నవంబరులో ఆసరా పింఛన్ల పథకాన్ని ప్రారంభించింది. వృద్ధులతో పాటు 50 ఏళ్ళు దాటిన నేత కార్మికులకు, తర్వాత బీడీ కార్మికులకు కూడా దీనిని వర్తింపజేశారు. 2019లో వీరి పింఛను 1,000 నుండి 2,016 రూపాయలకు పెరిగింది. తర్వాత వృద్ధాప్య పింఛను అర్హత వయసును 65 నుండి 57 ఏళ్ళకు తగ్గించారు. వేధింపులకు గురైన వృద్ధులు 14567 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సహాయం పొందవచ్చు.

ముందస్తు ఏర్పాట్లు

వలస వెళ్ళే ముందే కుటుంబం నిర్ణయించుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి:

* నెలనెలా ఎవరు ఎంత పంపాలి, అది తల్లి లేదా తండ్రి సొంత బ్యాంకు ఖాతాలోనే పడుతుందా
* జబ్బు చేస్తే ఆసుపత్రికి తీసుకువెళ్ళేది ఎవరు
* పట్టా పాసుపుస్తకం, ఆధార్, ఆరోగ్యశ్రీ పత్రాలు ఎవరి వద్ద ఉంటాయి
* తల్లిదండ్రులలో ఒకరు మరణిస్తే రెండవవారు ఎక్కడ ఉంటారు

వీటిలో చివరి ప్రశ్నకు జవాబును తల్లిదండ్రులనే అడిగి తెలుసుకోవడం ముఖ్యం. పిల్లల మధ్య వంతులు వేసుకొని, తల్లిని ఒక ఇంట, తండ్రిని మరొక ఇంట ఉంచే పద్ధతి వారిని చివరి దశలో ఒకరికొకరిని దూరం చేస్తుంది.