తెరలపాలగు కాలము

కేంద్ర గణాంకశాఖవారు 2024వ సంవత్సరమున దేశమంతట జరిపిన కాలవినియోగ పరిశీలన ఫలితములు 2025 ఫిబ్రవరిలో వెలువడినవి. ఆరేండ్లును, అంతకు పైబడిన వయస్సును గల భారతీయులు దినమున నూటికి 11 పాళ్ల కాలమును సంస్కృతి, వినోదము, ప్రసారసాధనములు, క్రీడలు అను పద్దుక్రింద గడుపుచున్నారని యందు తేలినది. 2019లో నిది 9.9 పాళ్లుగా నుండెను. ఈ హెచ్చు చూచుటకు స్వల్పమే. దినమునకు సుమారు పదియారు నిమిషములు. కాని సంవత్సరమునకు గూర్చి చూచినచో నాలుగు రాత్రింబవళ్లగును. ఆ పద్దులో టెలివిజను, సెల్‌ఫోను, పుస్తకపఠనము, ఆటపాటలు అన్నియు చేరియున్నవి. వానిలో నేది పెరిగినదో, దేనిని త్రోసి పెరిగినదో ఎవరియింట వారే విచారించుకొనవలసియున్నది.

కడపజిల్లా చక్రాయపేట మండలమువంటి మెట్టప్రాంతములందు సైతము నేడీ విషయమై యింటింట వాగ్వాదము తప్పుటలేదు. పిల్లవాడు సెల్లు విడువడని పెద్దల ఫిర్యాదు. పెద్దలు సీరియళ్లు విడుచుచున్నారా యని పిల్లల ప్రత్యుత్తరము. ఉభయుల మాటయందును కొంత సత్యము కలదు. కాని యిరుపక్షములవారును గంటలను మాత్రమే లెక్కించుచున్నారు. ఆ గంట యెట్లు గడచినది, ఎవరి చెప్పుచేతలలో గడచినది యను ప్రశ్నను వేసికొనుటలేదు. మా దృష్టిలో నీ రెండు తెరలకు గల భేదమంతయు నచ్చటనే యున్నది.

టెలివిజను మన గ్రామములకు వచ్చినపుడు తన వేళ తాను నిర్ణయించుకొని వచ్చినది. 1975 ఆగస్టు 1వ తేదీనుండి 1976 జూలై 31 వరకు అమెరికావారి ఉపగ్రహము తోడ్పాటుతో మన శాస్త్రజ్ఞులు జరిపిన ప్రయోగమున ఆరు రాష్ట్రములందలి దాదాపు 2,400 గ్రామములలో ఊరికొక పెట్టె నెలకొల్పబడెను. ఆ యారింటిలో ఆంధ్రప్రదేశ మొకటి. ఉదయము బడిపిల్లలకు కొంతసేపు, సాయంకాలము గ్రామస్థులకు కొంతసేపు ప్రసారము జరిగి ముగిసిపోయెడిది. జనులు కూడి చూచి, చూచినదానిని గూర్చి మాటలాడుకొనుచు ఇండ్లకు మరలెడివారు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము వెలసినది. 1987 జనవరినుండి 1988 జూలైవరకు ఆదివారము ప్రొద్దుట రామాయణము ప్రసారమైనపుడు పెట్టె గలవారి యిల్లు ఇరుగుపొరుగువారితో నిండెడిది. అది ముగియగానే ఎవరి పనికి వారు పోయెడివారు.

అంతమాత్రమున టెలివిజను నిర్దోషియని మేమనము. 1995లో ఈటీవీ, జెమిని మొదలగు తెలుగు ఛానళ్లు వచ్చిన పిదప సాయంకాలపు రచ్చబండ పలుచబడినది. వంటవేళ, భోజనవేళ సీరియలు వేళకు లోబడినవి. అయినను ఆ తెరకు మూడు హద్దులు మిగిలియుండెను. ఒక కథ అరగంటకో గంటకో ముగియును. పెట్టె నట్టింట నుండుటచే నెవరేమి చూచుచున్నదియు నెల్లరకు తెలియును. ఎంతసేపు చూచినదియు గోడగడియారమే చెప్పును.

అంతర్జాలము భారతదేశమున 1995 ఆగస్టు 15వ తేదీననే ప్రజలకు లభ్యమైనది. కాని మన పల్లెలలోని యధికసంఖ్యాకులకు అది కంప్యూటరు ద్వారమున రాలేదు. 2016 సెప్టెంబరులో జియో సేవలు ఆరంభమై డేటా వెల ఒక్కసారిగా పడిపోయిన పిమ్మట చేతిఫోను ద్వారమున వచ్చినది. 2017 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వమువారి ఫైబరు పథకము ప్రారంభమైనపుడు నెలకు 149 రూపాయలకే టెలివిజను, అంతర్జాలము, టెలిఫోను మూడును ఒకే తీగపై నందజేయబడినవి. నేడు సీరియలును ఫోనులో చూచువారు కలరు. యూట్యూబును టెలివిజనులో చూచువారును కలరు. కావున పరికరము పేరును బట్టి మంచిచెడ్డలు నిర్ణయించుట యిక పొసగదు.

పైని చెప్పిన మూడు హద్దులను ఫోను ఒక్కొక్కటిగా తొలగించినది. మొదటిది ముగింపు. వ్రేలితో పైకి త్రోసినకొలది క్రొత్త దృశ్యము వచ్చుచునే యుండు నేర్పాటును 2006లో అజా రాస్కిన్ అను అమెరికా సాంకేతికుడు రూపొందించెను. దాని పర్యవసానమును గాంచి యాతడే పిమ్మట బహిరంగముగ పశ్చాత్తాపము వెలిబుచ్చెను. కేబుల్ టెలివిజను నిబంధనలలో ప్రకటనలకు గంటకు పన్నెండు నిమిషముల పరిమితియైన నున్నది. రీళ్ల నడుమ వచ్చు ప్రకటనలకు అట్టి గంటయే లేదు. రెండవది నలుగురి చూపు. ఒకే మంచముపై కూర్చున్న నలుగురు నాలుగు లోకములలో నుందురు. ఒకని తెర యింకొకనికి కానరాదు. పిల్లవాడు పాఠము చూచుచున్నాడో, జూదమాడుచున్నాడో తండ్రికి తెలియదు. పందెపు ఆటలను మన రాష్ట్రము 2020లోను, కేంద్రము 2025లోను చట్టముచే నిషేధింపవలసి వచ్చుటకు ఈ చాటును ఒక కారణమే.

మూడవది లెక్క. ప్రభుత్వపు పరిశీలనలో దినమును అరగంటల చొప్పున విభజించి, ఒక్కొక్క యరగంటలో పది నిమిషములకు తక్కువ కాకుండ చేసిన పనులను మాత్రమే వ్రాసికొందురు. సీరియలు చూచిన యరగంట ఆ లెక్కకు చక్కగా నందును. కాని చేలో నీరు కట్టుచు రెండు నిమిషములు, బస్సుకొఱకు నిలిచి అయిదు నిమిషములు, పుస్తకము తెరచి మూడు నిమిషములు ఫోను చూచినచో ఆ తునుకలు ఏ పద్దునకును ఎక్కవు. చూచినవాడును మఱచిపోవును. టెలివిజను మన కాలమును బస్తాల లెక్కన గొనిపోయినది. ఫోను బస్తాకు చిల్లివేసి గింజగింజగా రాల్చుచున్నది. పోయిన బస్తా కంటబడును. రాలిన గింజ కంటబడదు.

ఐనను ఒక వైపే చూచి తీర్పు చెప్పుట ధర్మము కాదు. రాయచోటి, రాజంపేట ప్రాంతములనుండి కువైటునకు పోయి కష్టించువారు వేలకొలది కలరు. అట్టివాని భార్యకు, తల్లికి రాత్రివేళ ఫోను తెరపై గడచు అరగంట వినోదము కాదు, సంసారము. 2025 జనవరిలో ఆరంభమైన మన మిత్ర సేవవలన కొన్ని ధ్రువపత్రములకై కార్యాలయముల చుట్టు తిరుగు దినము మిగులుచున్నది. అచ్చట ఫోను కాలమును హరించుట మాని యిచ్చుచున్నది. టెలివిజనుకును ఇట్టి పుణ్యము కలదు. 2020లో కరోనా విపత్తువలన బడులు మూతపడినపుడు దూరదర్శన్ సప్తగిరిలో వచ్చిన పాఠములే స్మార్ట్‌ఫోను లేని యిండ్ల పిల్లలకు ఆధారమైనవి.

ఆడువారి సీరియళ్లను పరిహసించువారికి ఇంకొక యంకెను జ్ఞాపకము చేయుచున్నాము. 2024 పరిశీలన ననుసరించి, జీతము లేని యింటిపని చేయువారిలో స్త్రీలు దినమునకు 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును వెచ్చించుచున్నారు. చేను పనియు, ఇంటిపనియు ముగించి, కూరగాయలు తరుగుచు ఒక కథ చూచు ఇల్లాలి విశ్రాంతిని తప్పుపట్టుటకు ముందు, ఆ పనిలో పాలుపంచుకొనుట పురుషుల విధి. తానొక మూల ఫోను పట్టుకొని కూర్చుండి ఆమె టెలివిజనును నిందించువాని మాటకు విలువ లేదు.

మఱి చేయవలసిన దేమి? ముందుగా లెక్క చూచుకొనవలయును. ఏ యాపునం దెంతసేపు గడచినదో చెప్పు పట్టిక నేటి స్మార్ట్‌ఫోనుల సెట్టింగులలోనే కలదు. ఒక వారము దానిని పెద్దలు, పిల్లలు అందఱును ఒక కాగితముపై నెక్కించి, టెలివిజను గంటలను ప్రక్కన వ్రాయవలయును. అందు ప్రయోజనమునకై గడచినదెంత, ఇచ్చవచ్చి చూచినదెంత, లేవలేక కూర్చున్నదెంత యని మూడు భాగములు చేయవలయును. మూడవ భాగమే మన శత్రువు. అది ఏ తెరపై గడచినను ఒకటే.

పిదప పోయిన హద్దులను మనమే మరల గీచుకొనవలయును. భోజనవేళను, పిల్లలు చదువుకొను వేళను రెండు తెరలును మూయబడవలయును. ఈ నియమము తండ్రితో ఆరంభమైనగాని కొడుకునకు అంటదు. రాత్రి పిల్లల ఫోనులు నట్టింటనే యుండవలయును. చక్రాయపేట మండలమున పాపఘ్ని యొడ్డునగల గండిక్షేత్రమునకు శ్రావణమాసపు శనివారములందు జనులు వేనవేలుగా చేరుదురు. ఆ ఉత్సవమునకు దినము కలదు, వేళ కలదు, ముగింపు కలదు. కలిసిపోవుట, కలిసివచ్చుట కలదు. మన పూర్వులు వినోదమునకును ఇట్టి కట్టుబాటు నేర్పరచిరి గనుకనే అది పనిని మ్రింగలేదు. పని దానిని మ్రింగలేదు.

వేరుసెనగ విత్తుటకు పదును చూచి వేళ తప్పని రైతునకు కాలపు విలువ మేము బోధింపనక్కరలేదు. పదును దాటిన పిదప విత్తిన గింజ మొలవదని యాతడెఱుగును. బిడ్డల చదువునకును అట్టి పదునుండును. అది కొలది యేండ్లే. ఆ యేండ్ల సాయంకాలములు ఎవరి చేతిలో నున్నవో ప్రతి గృహస్థుడును ఈ రాత్రియే విచారించుట మంచిది.