ఓడ ఎక్కాలంటే నాంపల్లి నుంచే

ఓడ అనగానే మన ఇళ్ళలో పెద్దలకు హజ్ గుర్తుకొస్తుంది. బొంబాయి నుంచి జిద్దాకు యాత్రికులను తీసుకెళ్ళిన ఓడలు 1995తో ఆగిపోయాయి. ఓడెక్కాలన్న మా అమ్మీజాన్ కోరిక మాత్రం ఆగలేదు. అందుకే ముంబయి నుంచి రెండు రాత్రుల విహార నౌక గురించి విచారించాం.

విద్యానగర్‌లో ఒక ఏజెంటు చెప్పిన ధర విని సంతోషించాం. కాగితం మీద పెట్టేసరికి పోర్టు చార్జీలు, జి.ఎస్.టి. కలిసి లెక్క ఎక్కడికో పోయింది. పైగా ఒక గదిలో ఇద్దరుంటేనే మనిషికి ఆ ధరట! కనుక అన్నీ కలిపిన మొత్తం రాయించుకోనిదే బయానా ఇవ్వకండి. కిటికీ లేని లోపలి గది చవక. సముద్రం చూడడానికి పైన డెక్కు ఉండనే ఉంది కదా! సెలవు రోజులు వదిలి వారం మధ్యలో వెళితే ఇంకా కలిసొస్తుంది. హలాల్ భోజనం సంగతి ముందే అడగాలి.

ఇక రేవు చేరడం. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి ఎం.జి.బి.ఎస్.లో మారితే నాంపల్లి. అక్కడ హుస్సేన్ సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో స్లీపరు తీసుకుంటే ముంబయి ఛత్రపతి శివాజీ స్టేషన్‌లో దిగుతాం. బల్లార్డ్ పియర్ రేవు అక్కడికి సుమారు 2 కిలోమీటర్లే. అయితే ఓడ బయలుదేరే రోజు ఉదయం దిగే రైలును నమ్ముకోకండి. రైలు ఆలస్యమైతే ఓడ ఆగదు. ముందు రోజే చేరుకోండి.

ఒకప్పుడు హాజీలు దిగిన సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానా ఆ దగ్గర్లోనే, క్రాఫర్డ్ మార్కెట్ వైపు ఉంది. అమ్మీజాన్ ముందు అది చూడాలంటున్నారు. ఆమె తండ్రి హజ్ ఓడ ఎక్కే ముందు బస చేసింది అక్కడేనట.