నాన్న బదిలీ అయితే ‘లోకల్’ మారుతుందా?

బదిలీ ఉత్తర్వు రాగానే ఇంట్లో ముందు అద్దె ఇంటి గురించి, తర్వాత స్కూలు సీటు గురించి మాట్లాడుకుంటారు. పిల్ల ఎనిమిది పూర్తిచేసిందా, తొమ్మిది పూర్తిచేసిందా అన్నది ఆ హడావిడిలో ఎవరికీ గుర్తుండదు. నాలుగేళ్ల తర్వాత కౌన్సెలింగ్‌లో ఆ పిల్ల ఏ ప్రాంతానికి ‘లోకల్’ అవుతుందో తేల్చేది మాత్రం ఆ ఒక్క తరగతే.

దీని మూలం రాజ్యాంగంలోని 371డి అధికరణ. 32వ సవరణతో వచ్చిన ఈ అధికరణ కింద 1974లో విద్యాసంస్థల ప్రవేశాలపై రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. అది ఉమ్మడి రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పేరిట మూడు ప్రాంతాలుగా విడదీసింది. పాత కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు ఎస్వీయూ ప్రాంతంలోకి వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల కొత్త జిల్లా అయింది కానీ ప్రాంతం మారలేదు. మహానంది, ఆళ్లగడ్డ, నంద్యాల పిల్లలు ఎస్వీయూ కిందే ఉన్నారు.

సీట్లలో 85 శాతం ఆ ప్రాంతపు లోకల్ విద్యార్థులకు, 15 శాతం అన్‌రిజర్వుడ్. ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో 60 సీట్ల బ్రాంచి ఉందనుకుందాం. 70 శాతం కన్వీనర్ కోటా, అంటే 42 సీట్లు. అందులో లోకల్ వాటా సుమారు 36, మిగిలేవి 6. ఆ ఆరూ బయటివాళ్ల కోసం పక్కన పెట్టినవని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. వాటికి లోకల్ విద్యార్థులూ మెరిట్ మీద పోటీ పడతారు.

మెడిసిన్‌లో ఈ తేడా నేరుగా జేబు మీద పడుతుంది. నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో 150 సీట్లతో మొదలైంది. 15 శాతం అఖిల భారత కోటాకు పోగా 127 దాకా మిగులుతాయి. ఆ ఏడాది కొత్త కాలేజీలకు ఖరారు చేసిన విధానం ప్రకారం వీటిలో సగం, సుమారు 64 సీట్లకు ఏడాది ఫీజు 15 వేలు. సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు 12 లక్షలు, ఎన్నారై సీటుకు 20 లక్షలు. అంటే 15 వేల సీటు తప్పిపోతే పక్కనున్న సెల్ఫ్ ఫైనాన్స్ సీటు 80 రెట్లు. ఆ 64లో లోకల్ వాటా 54 దాకా వస్తుంది. మిగతా పదీ ఓపెన్.

మరి లోకల్ అని ఎలా తేలుస్తారు? తండ్రి ఆధార్‌లో ఏ ఊరుంది, పొలం ఎక్కడుంది, ఓటు ఎక్కడుంది అని అడగరు. పిల్ల ఎక్కడ చదివిందో అడుగుతారు. ఇంటర్ పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే వరుస 4 విద్యా సంవత్సరాలు, అంటే 9, 10, ఇంటర్ రెండేళ్లు, ఒకే ప్రాంతంలో చదివితే ఆ ప్రాంతానికి లోకల్. అలా కుదరకపోతే 6 నుంచి ఇంటర్ దాకా 7 ఏళ్లు చూస్తారు. రాష్ట్రంలోనే ఆ ఏడేళ్లూ చదివి ఉంటే, ఎక్కువ ఏళ్లు ఏ ప్రాంతంలో గడిపితే అక్కడి లోకల్.

ఇప్పుడు బదిలీ సంగతి. ఆళ్లగడ్డలో పనిచేసే ఉద్యోగిని విజయవాడ వేశారు. పాప ఎనిమిది పూర్తయ్యాక వెళ్తే 9 నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లూ అక్కడే గడుస్తాయి. ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతపు లోకల్ అవుతుంది. ఆళ్లగడ్డలో తాతల నాటి ఇల్లున్నా లెక్కలోకి రాదు. అదే తొమ్మిది పూర్తయ్యాక వెళ్తే విజయవాడలో చదివింది మూడేళ్లే. నాలుగేళ్ల నిబంధన వర్తించదు. ఏడేళ్ల లెక్కలో 6, 7, 8, 9 తరగతులు ఇటు, మూడేళ్లు అటు. 4-3తో పాప ఎస్వీయూ లోకల్‌గానే ఉంటుంది, కుటుంబం మొత్తం కృష్ణ ఒడ్డుకు చేరిపోయినా సరే.

పదో తరగతి దాకా నంద్యాలలో చదివించి, ఇంటర్‌కు విజయవాడ, గుంటూరు హాస్టళ్లలో వేసేవాళ్లకు అందుకే భయం అక్కర్లేదు. 5-2 లెక్క మనవైపే ఉంది. ఇంటర్ పాసయ్యాక నీట్ కోసం అక్కడే లాంగ్ టర్మ్ తీసుకున్న ఏడాది ఈ లెక్కలోకే రాదు.

దూరం వెళ్తేనే ప్రాంతం మారుతుందనీ కాదు. నంద్యాలలో రైలెక్కి గాజులపల్లె, దిగువమెట్ట మీదుగా నల్లమల దాటితే గిద్దలూరు. ఒకప్పుడు కర్నూలు జిల్లాలోని ఊరే. 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో కలిసింది. 1974 ఉత్తర్వు ప్రకాశాన్ని ఆంధ్రా యూనివర్సిటీ వైపు పెట్టింది. కాబట్టి అడవికి అవతల గిద్దలూరు వేరే ప్రాంతం, ఎంతో దూరాన ఉన్న నెల్లూరు మన ప్రాంతం. నాకైతే ఇందులో న్యాయం కనబడదు, కానీ కౌన్సెలింగ్ బల్ల దగ్గర నడిచేది ఈ గీతే.

రాష్ట్రం దాటితే పద్ధతి పూర్తిగా వేరు. ఏడేళ్ల నిబంధనలో ‘రాష్ట్రంలో’ అన్న మాట ఉందని మరిచిపోవద్దు. విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. పిల్లల్ని ఇంటర్‌కు హైదరాబాద్ పంపేవాళ్లు తాజా నోటిఫికేషన్ చదివి మరీ నిర్ణయించుకోవాలి. అక్కడ రెండేళ్లు చదివినంత మాత్రాన తెలంగాణ లోకల్ కూడా కారు. వైద్య ప్రవేశాల్లో తెలంగాణ పెట్టిన నాలుగేళ్ల నిబంధనను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు సమర్థించింది. బెంగళూరు వెళ్లినవాళ్లకు కర్ణాటక లెక్క ఇంకోటి: 1 నుంచి 12వ తరగతి దాకా కనీసం 7 ఏళ్లు అక్కడే చదవాలి, పదో తరగతి గానీ, పన్నెండో తరగతి గానీ అక్కడే పాసవ్వాలి.

అలా బయట చదివి తిరిగొచ్చిన పిల్లల విషయంలోనే తల్లిదండ్రుల నివాసం లెక్కకొస్తుంది. తల్లో తండ్రో, బయట ఉద్యోగం చేసిన కాలం తీసేసి, మొత్తం 10 ఏళ్లు ఈ రాష్ట్రంలో నివసించి ఉంటే 15 శాతం సీట్లకు పోటీ పడొచ్చు. ఇక్కడ పనిచేస్తున్న కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగుల పిల్లలకూ ఆ అర్హత ఉంది. నంద్యాలకు బదిలీ అయి వచ్చిన ఒడిశా రైల్వే ఉద్యోగి కొడుకు ఈ దారిలో రావచ్చు. 85లో మాత్రం చోటు దొరకదు.

తల్లిదండ్రులు తరలి రావడమే లోకల్ హోదా తెచ్చిన సందర్భం మనకు ఒకటుంది. విభజన తర్వాత తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు తరలొచ్చిన కుటుంబాల కోసం 2016లో రాష్ట్రపతి ఉత్తర్వును సవరించారు. మొదట 2014 జూన్ 2 నుంచి 3 ఏళ్ల లోపు వచ్చినవాళ్లకే అన్నారు, తర్వాత గడువు పెంచారు. సచివాలయంతో పాటు వెలగపూడికి కదిలిన ఉద్యోగుల పిల్లలు ఆ మేలు పొందారు. అమెరికాలో కాలిఫోర్నియా, టెక్సాస్ వంటి రాష్ట్రాల్లో తల్లిదండ్రులు స్థిరపడి ఏడాది గడిస్తే ప్రభుత్వ యూనివర్సిటీలో స్థానిక ఫీజు దొరికే వీలుంది. మన దగ్గర ఆ వెసులుబాటు లేదు. ఉద్యోగంలో తిరగక తప్పనివాళ్ల పిల్లల విషయంలో మన నిబంధన కటువైనదే.

చివరగా కాగితాల సంగతి. తహసీల్దార్ ఇచ్చే నివాస పత్రం ఉంటే చాలని కొందరు అనుకుంటారు. అది స్కూలుకు వెళ్లకుండా ప్రైవేటుగా పరీక్ష రాసినవాళ్లకు. బడిలో చదివినవాళ్లకు కావలసినవి 6 నుంచి ఇంటర్ దాకా ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు. మూతపడిన చిన్న ప్రైవేటు స్కూలు నుంచి వాటిని తర్వాత తెచ్చుకోవడం తలనొప్పి. ఊరు మారే ప్రతిసారీ టీసీతో పాటు స్టడీ సర్టిఫికెట్ కూడా అదే రోజు అడిగి తీసుకోండి.