చేతిలో ఆయుధం... ఎదుట దొంగతనం

దుకాణంలో నుంచి సరుకులు ఎత్తుకొని ఒకడు పరుగెత్తుతున్నాడు. పనివాళ్ళు 'దొంగ, దొంగ' అని అరుస్తున్నారు. సామాను కొనడానికి వచ్చిన ఒకాయన అక్కడే నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఆయన నడుముకు తుపాకి ఉంది. అది చట్టప్రకారం ఉంచుకున్నదే. ఇప్పుడాయన ఏం చెయ్యాలి? కాల్చాలా? గురిపెట్టి ఆపాలా? లేక చూస్తూ ఊరుకోవాలా?

మన ఊళ్ళలో ఈ ప్రశ్న అరుదుగా వస్తుంది. 1959 నాటి ఆయుధాల చట్టం కింద ఇక్కడ తుపాకి లైసెన్సు దొరికేది కొద్దిమందికే. అమెరికాలో అలా కాదు. అక్కడ సగానికి పైగా రాష్ట్రాల్లో పర్మిటు లేకుండానే పెద్దలు చేతి తుపాకిని దుస్తుల చాటున పెట్టుకొని తిరగవచ్చు. ఆత్మరక్షణకు ఆయుధం వెంట ఉంచుకోవడం పౌరుల హక్కని 2022 జూన్‌లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఆ దేశంలో మన బిడ్డలున్నారు. చదువుకుంటూ పెట్రోలు బంకుల్లో, చిల్లర దుకాణాల్లో పనిచేసేవారున్నారు. అక్కడే స్థిరపడి దుకాణాలు నడుపుతున్నవారూ ఉన్నారు. 2023 ఏప్రిల్‌లో కొలంబస్‌లో, 2024 నవంబర్‌లో చికాగోలో పెట్రోలు బంకుల్లో పనిచేస్తున్న తెలుగు యువకులు దుండగుల కాల్పులకు బలయ్యారు. ఇలాంటి కబురు విన్నప్పుడల్లా 'అక్కడ ఎవరి దగ్గరైనా ఓ తుపాకి ఉండి ఉంటే!' అని మనం అనుకుంటాం. ఆ బాధ సహజమే. కాని తుపాకి ఉన్నవాడు ఎప్పుడు దాన్ని తీయాలి, ఎప్పుడు తీయకూడదు అన్నది తెలియకపోతే ఆ ఆయుధమే మరో ఇంటిని దుఃఖంలో ముంచుతుంది.

మిషిగన్‌లో ఏం జరిగింది?

2015 అక్టోబర్‌లో మిషిగన్ రాష్ట్రంలోని ఆబర్న్ హిల్స్ పట్టణంలో, ఇంటి సామగ్రి అమ్మే ఒక పెద్ద దుకాణం ముందు ఈ ప్రశ్న నిజంగానే తలెత్తింది. దొంగిలించిన సరుకులతో నిందితులు కారులో పారిపోతున్నారు. దుకాణం భద్రతా సిబ్బంది వెంటపడుతున్నారు. పార్కింగ్ స్థలంలో ఉన్న ఒక మహిళ దగ్గర తుపాకి, దానికి లైసెన్సు రెండూ ఉన్నాయి. సహాయం చేద్దామని ఆమె పారిపోతున్న కారుపై కాల్పులు జరిపింది. గుండు టైరుకు తగిలింది. కారు మాత్రం ఆగలేదు.

ఆమె ఉద్దేశం మంచిదే. కాని ఆ సమయంలో ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. చుట్టూ జనం ఉన్నారు. ఆ గుండు గురితప్పి ఏ పసిబిడ్డకో తగిలి ఉంటే? తుపాకిని నిర్లక్ష్యంగా వాడినందుకు ఆమెపై కేసు పెట్టారు. న్యాయస్థానం 18 నెలల ప్రొబేషన్ విధించింది. ఆయుధం వెంట ఉంచుకునే లైసెన్సు రద్దయింది. దొంగలు తర్వాత పోలీసులకు దొరికారు. 

దొంగతనం వేరు, దోపిడి వేరు

మనం మొదట ఈ తేడా గ్రహించాలి. సరుకు జేబులో వేసుకొని పారిపోయేవాడు చేసేది దొంగతనం. కత్తో తుపాకో చూపి గల్లాపెట్టె ఖాళీ చేయించేవాడు చేసేది దోపిడి. మొదటిదానిలో పోయేది వస్తువు. రెండోదానిలో ప్రాణం కూడా పోవచ్చు. ప్రాణం పోయే పరిస్థితి కళ్ళ ముందు ఉన్నప్పుడే, మరో మార్గం లేనప్పుడే తుపాకి బయటకు రావాలి. పోయేది వస్తువు మాత్రమే అయితే అది నడుము దగ్గరే ఉండాలి.

ఈ తేడాకు ఎంత విలువుందో ఒక పిల్లవాడి మరణం చెబుతుంది. 1974 అక్టోబర్‌లో మెంఫిస్ నగరంలో ఒక ఇంట్లో దొంగతనం చేసి 15 ఏళ్ళ అబ్బాయి పారిపోతున్నాడు. అతని చేతిలో ఆయుధం లేదని పోలీసుకు దాదాపు తెలుసు. అయినా అతను కంచె ఎక్కుతుండగా వెనుక నుంచి కాల్చాడు. అబ్బాయి చనిపోయాడు. అతని దగ్గర దొరికింది ఒక పర్సు, 10 డాలర్లు! ఈ కేసులో 1985లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: నిరాయుధుడై, ఎవరికీ ప్రమాదకారి కాని నిందితుణ్ణి కేవలం పారిపోతున్నాడన్న కారణంతో పోలీసులు కాల్చి చంపకూడదు. యూనిఫారం వేసుకున్నవారికే ఈ హద్దు ఉంటే, దారిన పోయేవారు తమకు తాము ఎంత హద్దు గీసుకోవాలి?

అన్ని రాష్ట్రాల చట్టం ఒకటి కాదన్నది నిజమే. టెక్సాస్‌లో రాత్రివేళ జరిగే దొంగతనాన్ని ఆపడానికి కొన్ని షరతులతో ప్రాణాంతక బలప్రయోగాన్ని సైతం చట్టం అనుమతిస్తుంది. కాని చట్టం అనుమతించినదల్లా చేసితీరాలని లేదు కదా! కోర్టు వదిలిపెట్టినా, ఓ డబ్బా పాలపొడి కోసం మనిషిని చంపానన్న జ్ఞాపకం వదిలిపెడుతుందా?

కళ్ళు చూసినదంతా నిజం కాదు

పారిపోతున్నవాడు దొంగ అనీ, తరుముతున్నవాడు దుకాణం మనిషి అనీ మనకెలా తెలుసు? మామూలు దుస్తుల్లో తిరిగే భద్రతా సిబ్బంది ఉంటారు. గొడవ మధ్యలో వచ్చి చూసినవారికి ఎవరు ఎవరో తెలియదు. తుపాకి పట్టుకున్న మనల్ని చూసినవారికి మనమెవరో కూడా తెలియదు.

2021 జూన్‌లో కొలరాడో రాష్ట్రంలోని ఆర్వాడాలో ఇదే జరిగింది. ఒక దుండగుడు పోలీసు అధికారిని కాల్చి చంపాడు. దగ్గరి దుకాణంలో ఉన్న ఒక సాహసి బయటకు వచ్చి, తన చేతి తుపాకితో ఆ దుండగుణ్ణి నేలకూల్చాడు. అది దొంగతనం కాదు, ప్రాణాల మీదికి వచ్చిన ఘడియ. ఆయన చేసింది ఎందరినో కాపాడిన పని. కాని దుండగుడి తుపాకి ఆయన చేతిలో ఉండగా అప్పుడే వచ్చిన మరో పోలీసు, ఆయన్నే హంతకుడనుకొని కాల్చాడు. ఆయన మరణించాడు. న్యాయమైన కారణంతో ఆయుధం తీసినవారికే ఇంత ప్రమాదముంటే, సరుకుల కోసం తీసేవారి సంగతేమిటి?

మరి చేయవలసిందేమిటి?

చూస్తూ ఊరుకోమని మేము అనడం లేదు. చేయవలసింది చాలా ఉంది. దారికి అడ్డం లేకుండా పక్కకు తప్పుకోవాలి. వెంట పిల్లలుంటే ముందు వారిని దూరంగా తీసుకుపోవాలి. 911కు ఫోన్ చేసి చోటు, సమయం, మనిషి పోలికలు, దుస్తులు, కారు రంగు, నంబరు, వెళ్ళిన దిక్కు చెప్పాలి. వెంబడించకూడదు. చాలా పెద్ద దుకాణాలు తమ సిబ్బందినే దొంగల వెంటపడవద్దంటాయి. పోలీసులు వచ్చాక చూసింది చూసినట్లు చెప్పాలి. ఒక నిజమైన సాక్ష్యం పది గుండ్లకన్నా బలమైనది.

మన బిడ్డలు మరో సంగతి మరువరాదు. విద్యార్థి వీసాపై ఉన్నవారు తుపాకి కలిగి ఉండటమే ఆ దేశపు ఫెడరల్ చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, నేరం. గ్రీన్‌కార్డు ఉన్నవారికి కూడా ఆయుధాల నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపివేసే అవకాశముంది. ఒక్క క్షణపు ఆవేశం ఇన్నేళ్ళ కష్టాన్ని తుడిచివేస్తుంది.

ఇక మన వీధుల మాట

మన దగ్గర తుపాకి లేదు కనుక ఈ మాటలు మనకు కావనుకోకండి. దొంగ దొరికాడంటే కరెంటు స్తంభానికి కట్టి తలా ఓ దెబ్బ వేసే దృశ్యాలు మనం చూస్తూనే ఉన్నాం. పదిమంది చేతిలోని కర్ర కూడా ప్రాణం తీసే ఆయుధమే.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ఏమంటోంది? ఆస్తి రక్షణ కోసం ఎదుటివాడి ప్రాణం తీసేదాకా వెళ్ళే హక్కు దోపిడి, రాత్రివేళ ఇంటికి కన్నం వేయడం వంటి కొన్ని సందర్భాల్లోనే ఉంటుంది. సాధారణ దొంగతనానికి ఆ హక్కు లేదు. చావు లేదా తీవ్రగాయం తప్పదన్న సహేతుకమైన భయం ఉంటే తప్ప! 5,000 రూపాయల లోపు వస్తువును దొంగిలించి మొదటిసారి శిక్షకు వచ్చినవాడు ఆ వస్తువునో దాని విలువనో తిరిగి ఇస్తే, అతనికి చట్టం విధించేది సమాజసేవ. చట్టం సమాజసేవ చాలన్న తప్పుకు మనం మరణశిక్ష వేస్తామా? తీవ్రమైన నేరం చేస్తుండగా మనిషిని పట్టుకునే అధికారం పౌరులకు ఉంది. కాని ఆలస్యం చేయకుండా, 6 గంటలలోగా పోలీసులకు అప్పగించాలి. కొట్టే అధికారం మాత్రం ఎవరికీ లేదు.

పోయిన సరుకు మళ్ళీ కొనవచ్చు. పట్టుబడని దొంగ రేపు పట్టుబడవచ్చు. పోయిన ప్రాణాన్ని మాత్రం ఏ న్యాయస్థానమూ తిరిగి ఇవ్వలేదు. బలం ఉండీ చేయి ఆపుకోగలిగినవాడే అసలైన బలశాలి. ఈ మాట ఈ రాత్రి అన్నం దగ్గర మన పిల్లలతో చెబుదాం. దూరదేశంలో ఉన్న బిడ్డలకు ఫోన్‌లోనైనా చెబుదాం.